వంపు దగ్గర మంచు కర్రలు

నంబర్ ఫోర్ లొకేషన్, కీవనా
సెప్టెంబర్ రెండో వారం

ఆర్విడ్‌కి,

నిన్న నీ ఫోన్ వచ్చింది. నువ్వేదో చెప్పావు, నేనేదో విన్నాను. ఈ చెవి మిషన్ పెట్టుకుంటే ఫోన్‌లో మనుషులందరూ పీపాలో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

మీ అన్నయ్య వైనో పికప్ ఇక పనికిరాదు. చట్రం తుప్పు పట్టి, మంచు బ్లేడు తగిలించే చోట చెయ్యి పెడితే ఇనుము రేకులుగా ఊడివస్తోంది. ఆయన పోయాక మార్చి, ఏప్రిల్ మంచులకి పక్కింటి హార్లన్ ట్రెగియర్ వచ్చి దారి తీశాడు. ఇంకో చలికాలం కూడా తీయమని అడగలేను. ఇంటి నుంచి రోడ్డు దాకా మన దారి ఎంత పొడవో నీకు తెలుసు. ఒక్క పెద్ద మంచు పడి మూసుకుపోతే గ్యాస్ బండీ రాదు, అంబులెన్సూ రాదు. దారి నేను తీసుకోగలిగితే ఈ ఇంట్లో ఉంటాను. లేకపోతే హ్యాంకాక్‌లో ముసలివాళ్ళ ఫ్లాట్లకి పోవాలి. వెళ్ళి చూశాను. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో కిటికీ, అందులో ఇంకో ముసలావిడ.

కాబట్టి ఒక చిన్న ట్రాక్టర్ కొనాలనుకుంటున్నాను. వేసవిలో గడ్డి కోయాలి, చలికాలంలో మంచు తీయాలి. నువ్వు బతుకంతా ఇంజన్లు విప్పినవాడివి. ఏది కొనాలో చెప్పు.

ఇంకో సంగతి. హార్లన్ మనిషి ఎలాంటివాడో నీకు తెలుసు, అడిగినదానికే సగం జవాబు. అలాంటివాడు మొన్న తనంతట తనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ట్రాక్టర్ కొంటున్నావట.”

“ఎవరు చెప్పారు?”

“కొంటే చిన్నది కొను. అన్నిటికన్నా తేలికది. ముందు మంచు విసిరే బ్లోవర్ ఉన్నది. బ్లేడు వద్దు.”

“ఎందుకు వద్దు? వైనో అన్నేళ్ళూ బ్లేడుతోనేగా తోశాడు?”

“నీకు చిన్నది చాలు, హెల్మీ.”

అంతే. పోసిన కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళు నోరు తెరవని మనిషి ఉన్నట్టుండి నా బాగు కోరితే నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదు.

హెల్మి

* * *

డులూత్
సెప్టెంబర్ 20

వదినా,

నువ్వు ట్రాక్టర్ మీద ఎక్కుతున్నావంటే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. భయం ట్రాక్టర్ కోసం.

పనిలోకి వస్తాను. దుకాణంవాడు ముందు నీకు మరీ చిన్నదాన్ని చూపిస్తాడు. పొట్ట కింద గడ్డి కోసే డెక్కు, ముందు మంచు బ్లోవర్. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అక్టోబర్లో డెక్కు ఊడదీయాలి, బ్లోవర్ తగిలించాలి, మేలో మళ్ళీ అటుదిటు. వీపు పట్టేస్తుంది. పైగా తేలిక బండి ఐసు మీద పిల్లిలా జారుతుంది. నువ్వు దాని పై సైజు తీసుకో. నాలుగు చక్రాలూ లాగాలి, గేర్లు మార్చే పని లేకుండా పెడల్‌తో నడవాలి. వెనక టైర్లలో గడ్డకట్టని మందునీళ్ళు పోయించు, బరువు కోసం. గొలుసులు తప్పనిసరి. ముందు బ్లేడు. బ్లేడుకి విరిగేదేమీ ఉండదు. బ్లోవర్ గొంతులో తడి మంచు ఇరుక్కుంటే నువ్వు దిగి కర్రతో పొడుచుకుంటూ కూర్చోవాలి. ఆ బండికి వేసవిలో పొదలు నరికే కత్తి కూడా వెనక తగులుతుంది.

మీ దగ్గర జనవరికల్లా మంచు తోయడానికి చోటు ఉండదని, అందుకే బ్లోవర్ అని హార్లన్ అనవచ్చు. అదీ నిజమే. కానీ మనకి చోటుకేం తక్కువ? కుడిపక్కంతా ఖాళీయే కదా.

హార్లన్ సంగతి నాకూ అర్థం కాలేదు. వాళ్ళ మేనల్లుడెవరైనా చిన్న ట్రాక్టర్ అమ్మజూపుతున్నాడేమో కనుక్కో. గనుల్లో పెత్తనం చేసిన ఈ కార్నిష్ వాళ్ళు ఊరికే సలహా ఇవ్వరని మా నాన్న అనేవాడు. వాళ్ళ తాత గని కెప్టెనుగా మనవాళ్ళని లోపలికి పంపిన రోజుల నుంచీ అదే తీరు.

నా కంటికి ఆపరేషన్ అయింది. కొత్త సంవత్సరం దాకా బండి నడపవద్దన్నారు, లేకపోతే నేనే వచ్చి చూసేవాణ్ణి.

ఆర్విడ్

* * *

నంబర్ ఫోర్ లొకేషన్
అక్టోబర్ మొదటివారం

ఆర్విడ్‌కి,

నీ మాట మీద పెద్దది ఎక్కి చూశాను. పెడల్ నా కాలికి బాగానే అందింది. దుకాణంలో నన్ను చూసి నవ్వినవాళ్ళు రెండో చుట్టుకి నవ్వడం మానేశారు. ఇంకా డబ్బు కట్టలేదు. ఎందుకంటే ఇక్కడ ఇంకేదో జరుగుతోంది.

మన దారిలో ఆ వంపు గుర్తుందా? ఇంటి నుంచి తిన్నగా వచ్చే దారి, రోడ్డుకి ముందు ఎడమకి మెలి తిరిగి మళ్ళీ కుడికి వస్తుంది. కుడిపక్క ముళ్ళపొద, మధ్యలో బెర్రీ చెట్టు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో దారి తిన్నగానే ఉండేది. తర్వాత మీ అన్నయ్యే మెలి తిప్పాడు. అక్కడ నీటి చెమ్మ ఉందన్నాడు. పొద నరకనిచ్చేవాడు కాదు, పక్షులు ఉంటాయనేవాడు. పక్షుల మీద ఆయనకి అంత ప్రేమ మరెక్కడా చూడలేదు. మంచు కూడా ఎప్పుడూ ఎడమకే తోసేవాడు. ఆవిరిస్నానాల సౌనా గది కిటికీ మూసుకుపోయినా సరే, కుడికి మాత్రం తోసేవాడు కాదు. ముప్ఫై చిల్లర ఏళ్ళు ఆ వంపు దగ్గర నేను గొణిగాను.

ఇప్పుడు గొణగక్కర్లేదు కదా. దారి తిన్నగా చేసేద్దాం, పొద నరికి గడ్డి చేసేద్దాం, మంచు కుడికి తోసేద్దాం అనుకున్నాను. మంచు కర్రలు పాతే వేళ వచ్చింది. మంచు కప్పినా అంచు తెలియడానికి దారికి రెండు పక్కలా నారింజ రంగు కర్రలు నేనే పాతాను, వంపు లేకుండా తిన్నగా. తాడు కట్టి మరీ.

మర్నాడు పొద్దున చూస్తే వంపు దగ్గర కర్రలు పాత చోటికి జరిగి ఉన్నాయి. నేను పాతిన గుంతల గుర్తులు కనబడుతూనే ఉన్నాయి, పైన బూటుతో మట్టి తొక్కినట్టుగా. మళ్ళీ తిన్నగా పాతాను. మళ్ళీ జరిగాయి. మూడోసారి హార్లన్ తన పొగాకు డబ్బా కోసం ట్రక్కు దగ్గరికి వెళ్తుంటే కంచె దగ్గర ఆపాను.

“నా కర్రలు జరిపింది నువ్వేనా?”

“గాలి.”

“గాలి కర్ర పీకి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ పాతిందా?”

“ఈ పక్క గాలి గట్టిది.”

“అవును. బూట్లు కూడా వేసుకుని వస్తోంది.”

బూటు అంచున మట్టి గడ్డికి రాసుకున్నాడు. కళ్ళు మాత్రం పొద మీదే ఉన్నాయి.

ఇదే పెద్ద సంగతి కాదు. శనివారం నేను చర్చిలో రొట్టెలు ఇచ్చి తిరిగి వచ్చేసరికి హార్లన్ మన పొద అంచున వంగి, పొడుగాటి ఇనుప కడ్డీతో నేలలో పొడుస్తున్నాడు. ఒకచోట పొడిచి చెవి పెట్టి వింటాడు, జరిగి ఇంకోచోట పొడుస్తాడు. నా బండి చప్పుడు విని కడ్డీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. దొంగతనం చేసిన మనిషి నడక అది.

మా నాన్న నాలుగో నంబరు గనిలోకి దిగి పైకి రాలేదని నీకు తెలుసు. ఆ రోజు షిఫ్టుకి దింపింది హార్లన్ తాతే. దానికి హార్లన్‌ని నేనెప్పుడూ ఏమీ అనలేదు. కానీ ట్రెగియర్ల చేతిలో ఇనుము చూశాక ఆ సాయంత్రం తలుపుకి గడియ వేసుకున్నాను.

ఏం వెతుకుతున్నాడు?

హెల్మి

* * *

డులూత్
అక్టోబర్ 12

వదినా,

సరిహద్దు పిన్ను! ఇంకేం వెతుకుతాడు? పాతకాలం సర్వేలో మూలల్లో ఇనుప మేకులు పాతారు. అది దొరికితే పొద తన వైపుకి వస్తుందని చూస్తున్నాడు. కర్రలు జరపడమూ అందుకే. కర్రలు పాతిందాకే నీ దారి, దాని అవతల అందరిదీ. పదేళ్ళు అలా సాగితే ఆ నేల ముక్క నీది కాదని ఏ లాయరైనా చెప్పగలడు. సరదాకి మంచు మీద బండ్లు నడిపేవాళ్ళు ఆ పక్క నుంచి దారి అడుగుతున్నారని, టూరిస్టు క్యాబిన్లు కడుతున్నారని ఇక్కడ పేపర్లో కూడా వచ్చింది. రోడ్డు వైపు నేల కావాలి వాడికి. నీకు తేలిక బండి ఎందుకు కొనమన్నాడో ఇప్పుడు తెలిసిందా? తేలిక బండి పొద నరకలేదు!

అన్నయ్య ఉండగా నోరెత్తలేదు. ఆడమనిషి ఒక్కతే ఉందనేసరికి కడ్డీ బయటికి తీశాడు.

పెద్దదే కొను. పొద నరుకు. నేను ఈ రాత్రే హార్లన్‌కి ఫోన్ చేసి నాలుగు మాటలు అంటాను. నా ఫోన్ పీపాలో మోగదు, వాడికి బాగా వినబడుతుంది.

ఆర్విడ్

* * *

డులూత్
అక్టోబర్ 16

వదినా,

నా మొన్నటి ఉత్తరం అందే ఉంటుంది. హార్లన్‌తో మాట్లాడాను.

నేను ఆలోచించాను. చిన్న బండే నయం. ముందు బ్లోవర్. బ్లోవర్ అయితే మంచు ఎటు కావాలంటే అటు విసరవచ్చు, దారి అంచు దాటి వెళ్ళే పని ఉండదు. నీ వీపుకి కూడా మంచిది. పొద ఈ ఏడాదికి ఉంచు. నరికే కత్తి వసంతంలో చూద్దాం. కర్రలు ఎక్కడున్నాయో అక్కడే ఉండనీ. దారి వంకరగా ఉంటే ఏమైంది, ఇన్నాళ్ళూ ఉంది కదా.

ఇక్కడ చలి మొదలైంది. కన్ను ఫర్వాలేదు.

ఆర్విడ్

* * *

నంబర్ ఫోర్ లొకేషన్
నవంబర్ 17

ఆర్విడ్ గారికి,

మీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. తీరిగ్గా జవాబు రాద్దామని ఆగాను. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకదానిలో పెద్దదే కొను, పొద నరుకు, ఇంకోదానిలో చిన్న బండే నా వీపుకి మందు. ఒకదానిలో హార్లన్ నా నేల మింగుతున్నాడు, ఇంకోదానిలో వాడు పాతిన కర్రలే నాకు హద్దు. మధ్యలో ఒక్క ఫోన్ కాల్. మీ కంటికి ఆపరేషన్ చేసినవాళ్ళు ఇంకేమైనా కూడా మార్చారేమో నాకు తెలియదు.

హార్లన్ మీకేం ఇస్తానన్నాడు? నిజమే, ఆ ఇల్లు మీ నాన్నది. మీ వాటా మీ అన్నయ్య ఎప్పుడో చెల్లించారు. అది చాలలేదనిపిస్తే నాతో నేరుగా అనవలసింది. నేను హ్యాంకాక్ వెళ్ళిపోతే ఎవరికి ఏం కలిసివస్తుందో ఆలోచిస్తున్నాను. దారి తీసుకోలేని బండి కొనిపించడం మంచి ఉపాయమే.

పెద్ద బండి కొన్నాను. మీరు మొదట చెప్పినట్టే, గొలుసులతో, బ్లేడుతో. పోయినవారం తెచ్చి దింపారు. మొన్న తొలి మంచు పడింది, పెద్దదేం కాదు. నా కర్రలు నేను మళ్ళీ తిన్నగా పాతి, తిన్నగా తోసుకుంటూ వెళ్ళాను, పొద వేళ్ళ దాకా. బాగా నడుస్తుంది.

ఇంకొకటి, మీకు పనికొస్తుందేమో. జింకల వేట మొదలై రెండు రోజులైంది. ఊళ్ళో మగవాడన్నవాడు ఎవడూ లేడు, పాస్టర్‌తో సహా క్యాంపుల్లో ఉన్నారు. హార్లన్ వెళ్ళలేదు. నాకు తెలిసి ఎన్నడూ మానని మనిషి. ఎర్ర వేటకోటు వేసుకుని తన కిటికీలో కూర్చుని మన దారి వైపే చూస్తున్నాడు. ఆయన జింక ఎవరో నాకు అర్థమైంది.

హెల్మి

* * *

డులూత్
నవంబర్ 21

వదినా,

గారూ, మీరూ అన్నావు. నన్ను నువ్వు ఏ మాటైనా తిట్టు, అది మాత్రం వద్దు.

హార్లన్ నాకేమీ ఇస్తాననలేదు. ఇల్లు నీది. నీ నేల మీద నాకు గడ్డిపరక కూడా వద్దు.

నేనొక మాట ఇచ్చాను. నాకు చెప్పడానికి ముందు హార్లన్ ఒట్టు పెట్టించుకున్నాడు, వాడిచేత ఇంకొకరు పెట్టించుకున్నారు. అంతకుమించి రాయలేకపోతున్నాను. వేళ్ళ దాకా వెళ్ళావని చదివి నాకు అన్నం దిగలేదు. ఈ ఉత్తరంతోపాటు హార్లన్‌కి కూడా రాస్తున్నాను. ఈ ఆదివారం లోపల వాడు నోరు విప్పకపోతే నేను విప్పుతాను, ఒట్టు గిట్టు చూడను.

అంతదాకా బండి వంపు దాటించి కుడికి తీసుకెళ్ళకు. ఎందుకని అడక్కు. నీ పెళ్ళికి నీ పక్కన నిలబడ్డవాణ్ణి అడుగుతున్నాను. మంచు మూసుకుపోతే మూసుకుపోనీ.

ఆర్విడ్

* * *

నంబర్ ఫోర్ లొకేషన్
డిసెంబర్ 2

ఆర్విడ్,

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. చదివి పొయ్యిలో పడేశాను. ఇద్దరూ కలిసి నన్ను ఇంట్లో బంధించే ఎత్తు అనుకున్నాను. అదీ నిజం, రాస్తున్నాను.

శనివారం సరస్సు మీద నుంచి మంచు మొదలైంది. రోజంతా, రాత్రంతా. ఆదివారం పొద్దునకి మెట్లు కనబడలేదు. వెలుగు రాగానే గొలుసులు చూసుకుని, బండి తీసి, బ్లేడు దించి తోసుకుంటూ వెళ్ళాను. వంపు దగ్గరికి వచ్చేసరికి హార్లన్ ట్రక్కు దారికి అడ్డంగా నిలబడి ఉంది. వంపుకి ఇవతలే. ఇంజన్ ఆపేసి ఉంది. పైన పడిన మంచు చూస్తే చీకటితోనే వచ్చి కూర్చున్నాడని తెలిసింది. నేను దిగి తలుపు మీద గుద్దాను. అద్దం సగం దించాడు. కనుబొమలు తెల్లగా ఉన్నాయి.

“బండి తీయి.”

తల అడ్డంగా ఊపాడు.

“నా దారిలో బండి పెట్టి నాకే తల ఊపుతావా? షెరీఫ్‌ని పిలుస్తాను.”

“పిలువు. ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.”

“తీయకపోతే బ్లేడుతో తోసేస్తాను.”

“ఇది నీదానికన్నా బరువు. నీ చక్రాలే తిరుగుతాయి.”

“నా పొద నీకెందుకు కావాలి, హార్లన్? చెప్పి చావు. క్యాబిన్లు కడతావా, దారి అమ్ముకుంటావా?”

“నాకెందుకు పొద!” అని అరిచాడు. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. చెవి మిషన్ కీచుమంది. తర్వాత గొంతు తగ్గించాడు. “హెల్మీ, దాని కింద ఏమీ లేదు.”

“ఏమీ లేకపోతే మరెందుకు...”

“ఏమీ లేదంటే ఏమీ లేదు. నేల లేదు.”

అక్కడే మంచులో నిలబడి విన్నాను. గని మూసేసి పంపులు ఆపాక కొన్నేళ్ళకి, ఒక వసంతంలో అక్కడ నేల దిగిపోయిందట. గనికి గాలి కోసం తవ్విన బావి అది. హార్లన్ తాతే తవ్వించాడు, ఏ పటంలోనూ పెట్టలేదు. మీ అన్నయ్య రాయి వేసి చూస్తే చప్పుడు రాలేదట. ఇద్దరూ కలిసి రైలు పట్టాలు అడ్డంగా పరిచి, దుంగలు పేర్చి, మట్టి కప్పి, ఎవరూ నడవకుండా ముళ్ళు నాటారు. దారి మెలి తిప్పారు. అప్పటికి నువ్వు డులూత్ వెళ్ళిపోయావు.

ఆ వసంతం నాకు గుర్తుంది, ఆర్విడ్. హార్లన్ షెడ్డు కోసమని ఇద్దరూ రైలు పట్టాలు మోశారు. మధ్యాహ్నం నేనే మాంసం కూరిన పాస్టీ రొట్టెలు చేసి పంపాను. ఆ షెడ్డు ఎన్నడూ లేవలేదు. నేనెన్నడూ అడగలేదు.

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు పెళ్ళికి ముందు వైనోని అడిగావట కదా. మీ నేల కింద గని ఉందా అని. ఉంటే ఆ ఇంటికి రానన్నావట.”

అడిగాను. నాన్న పోయిన ఊళ్ళో ఆ ఒక్కటే అడిగాను. లేదన్నాడు. అప్పటికి ఆయనకి తెలిసినంతలో అది నిజమే.

“తర్వాత చెప్తే వెళ్ళిపోతావని భయపడ్డాడు. ఏటా వచ్చే ఏడాది చెప్తాననేవాడు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, చెప్పకు, దారి నువ్వు చూసుకో అన్నాడు. పట్టాలు తుప్పు పట్టాయి. కడ్డీ దిగబడుతోంది. నువ్వు చూస్తే బరువు బండి కొన్నావు.”

“వేటకి వెళ్ళకుండా కాపలా కాసింది అందుకా?”

“జింకలు వచ్చే ఏడాదీ ఉంటాయి.”

నేను వెనక్కి తిరిగి చూశాను. తొలి మంచుకి నేను తోసిన గుట్ట పొద వేళ్ళ మీద ఉంది. నా కుడి చక్రం వెళ్ళిన చోటికి, హార్లన్ కడ్డీ దిగబడ్డ చోటికి మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది. హార్లన్ చూపించాడు. నేను చూసి, బండి ఎక్కి, వచ్చిన గొలుసు జాడల్లోనే వెనక్కి నడిపాను. ఇంట్లోకి వచ్చి కాఫీ పొడి గిన్నెలో అనుకుని నేల మీద పోశాను.

నువ్వు మాట ఇచ్చి నిలబెట్టుకున్నావు, హార్లన్ కూడా. మీ మగవాళ్ళ మాటలు మీ మధ్య భద్రంగానే ఉన్నాయి. ఇంకొక బండి వెడల్పు అటు వెళ్ళి ఉంటే వాటిని నా మీద సమాధి రాయిగా పెట్టేవాళ్ళు. నీ మీద అనుమానపడ్డందుకు నేను ఏమీ అనను, అనుమానపడేలా రాసింది నువ్వు. కానీ వాటా మాట అన్నాను. అది వెనక్కి తీసుకుంటున్నాను.

మీ అన్నయ్య మీద కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఆయన కుర్చీ తీసి సౌనాలో పెట్టాను.

హెల్మి

* * *

డులూత్
డిసెంబర్ 9

వదినా,

ఒట్టు తప్పి, అంతా చెప్పేస్తూ ఆదివారం నీకు రాసిన ఉత్తరం సోమవారం పోస్టులో వేశాను. నీది చదివాక అది ఏ రోజుకి అందేదో లెక్క వేసుకున్నాను. ఇంకెప్పుడూ ఎవరికీ ఒట్టు వేయను.

ఇంట్లో ఉంటావా? అదొక్కటే చెప్పు. హ్యాంకాక్ అంటే సామాను సర్దడానికి బస్సులో వస్తాను. ఉంటానంటే బండి మార్చుకో, చిన్నది, ముందు బ్లోవర్. ఈసారి ఎవరూ నాకు ఫోన్ చేయలేదు.

అన్నయ్య కుర్చీ సౌనాలో పెడితే చెమ్మకి జిగురు వదిలేస్తుంది.

ఆర్విడ్

* * *

నంబర్ ఫోర్ లొకేషన్
అక్టోబర్ మూడోవారం

ఆర్విడ్‌కి,

వేటకి వస్తున్నావని హార్లన్ చెప్పాడు. నాకంటే ముందు ఆయనకే చెప్పావన్నమాట. అలవాటు పోలేదు.

నువ్వు వచ్చి వెతుక్కోకుండా ముందే రాస్తున్నాను. బెర్రీ చెట్టు లేదు. నేను ఫోన్లో ముక్తసరిగా చెప్పింది నీకు సరిగ్గా అర్థమైందో లేదో. ఏప్రిల్లో మంచు కరుగుతున్నప్పుడు ఒక పొద్దున చూస్తే చెట్టు ఉన్నచోట ఆకాశం ఉంది. చప్పుడేమైనా అయితే నా చెవికి వినపడలేదు. హార్లన్‌కి వినబడింది, కోటు తొడుక్కోకుండా పరుగెత్తి వచ్చాడు. అదే రోజు కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేయించాను. హార్లన్ ముఖం మాడ్చుకున్నాడు, తాత పేరు వస్తుందని. రానీ అన్నాను. వాళ్ళు వచ్చి చూసి, ఇల్లు గట్టి రాతి మీదే ఉందని తేల్చారు. చెట్టుని మింగిన గొయ్యి చుట్టూ ఇనుప కంచె వేశారు, వచ్చే వేసవిలో సిమెంటు మూత వేస్తారట. లోపలికి తొంగి చూశాను. చల్లగాలి వస్తోంది. నాన్న పీల్చిన గాలి కూడా ఆ బావిలోంచే దిగి ఉంటుంది.

అన్నేళ్ళు దాని పక్కనే నిద్రపోయాను. తెలియక నిద్రపోయిన చోట తెలిసి నిద్రపోవడం కష్టమే అనుకున్నాను. మొదటి వారం కష్టమైంది. తర్వాత నిద్ర పట్టేసింది. హ్యాంకాక్ ఫ్లాట్ దరఖాస్తు కాగితం పొయ్యి ముట్టించడానికి వాడాను.

బండి పోయిన డిసెంబర్లోనే మార్చుకున్నాను. దుకాణంవాడు తిట్టుకుంటూ మార్చాడు. చిన్నదానితో చలికాలమంతా దారి నేనే తీశాను, మంచు ఎడమకే విసిరాను. సౌనా కిటికీ మూసుకుపోయింది. వేసవిలో డెక్కుతో గడ్డి కోశాను. డెక్కు తగిలించేటప్పుడు వీపు పట్టేస్తుందని నువ్వు చెప్పింది నిజమే. మీ అన్నయ్య కుర్చీకి జిగురు వదిలింది, నువ్వు చెప్పినట్టే. అతికించి వంటింట్లో పెట్టాను, నువ్వు దాని మీద మెల్లగా కూర్చో.

నిన్న మంచు కర్రలు పాతాను. దారి తిన్నగా ఎక్కడుందో అక్కడ తిన్నగా. వంపు దగ్గర మాత్రం హార్లన్ పెట్టిన చోటికన్నా ఇంకా రెండడుగులు లోపలికి, ఎడమకి. ఈ పొద్దున హార్లన్ వచ్చి వాటి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నేను కాఫీ కప్పులు పట్టుకుని వెళ్ళాను.

“మరీ ఇంత లోపలికా? నీ బ్లోవర్ కూడా పట్టదు. ఎవరు జరిపారు?”

“గాలి,” అన్నాను.

కప్పు తీసుకుని, ఆవిరి పోకముందే తాగేశాడు.

హెల్మి